చేర్పించే ముందు

ఊబలంక రోడ్డులో ఈ రేకుల షెడ్డు
మీలో చాలామందికి తెలిసిందే.
ఒకప్పుడు ఇక్కడ అరటిగెలలు పేర్చి
తలుపులు మూసి పొగబెట్టి
రెండు రాత్రుల్లో మగ్గబెట్టేవారు.
మూడుసార్లు సున్నం వేయించినా
ముసురు పట్టినప్పుడు గోడల్లోంచి ఆ వాసన వస్తుంది.
ముందే చెబుతున్నాను,
వాసన తప్ప ఆ పద్ధతి మిగల్లేదు.

బోర్డు మీద మాంటిస్సోరిలో
పెయింటరు ఒక వత్తు మింగేశాడు.
దిద్దించలేదు.

పద్దెనిమిదిమంది పిల్లలు, ఇద్దరం పెద్దవాళ్లం.
రత్నకుమారి గారు తెలుగే మాట్లాడతారు,
నేను ఇంగ్లీషే.
ఈ ఏర్పాటు పిల్లలకి ఎవరూ చెప్పలేదు.
చెప్పు తెగితే ఆవిడ దగ్గరికి,
తూనీగ పేరు కావాలంటే
ఇద్దరి దగ్గరికీ వస్తారు.

గాజుగ్లాసులే ఇస్తాం.
పగులుతాయి.
కిందటి జూన్ నుంచి పదిహేడు పగిలాయి.
పద్దెనిమిదోదాన్ని రెండు చేతులా పట్టుకుని
బల్లదాకా నడిచిన ఇమ్మానియేలు మొహం చూసి ఉంటే
స్టీలు గ్లాసులు పెట్టొచ్చుగా అని
మీరు అడగరు.

ర్యాంకు ఉండదు, హోమ్‌వర్కు ఉండదు.
సాయంత్రం సంచి తెరిస్తే
ఒక తడిసిన చొక్కా, కాస్త ఇసక,
ఒక్కోసారి ఎవరిదో జడపిన్ను.
ఏం చదివావంటే
నీళ్లు పోశానంటారు.
కంగారు పడకండి.
జగ్గులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి జగ్గులోకి
ఒలక్కుండా పోయడానికి
తన్మయికి తొమ్మిది రోజులు పట్టింది.
తరవాత పెన్సిలిస్తే
ఆ వేళ్లకి నేను నేర్పాల్సింది లేకపోయింది.

గరుక్కాగితంతో అక్షరాలు కోసి చెక్కలకి అంటించాం.
కళ్లు మూసుకుని వేలితో దిద్దుతారు.
'మ' చుట్టు తిరిగి కొమ్ము దాకా వెళ్తుంది,
ఎమ్ రెండు గుట్టలెక్కి దిగుతుంది.
ఏది తాకినా పెదాలు ఒకేలా మూసుకుంటాయని
మొదట కనిపెట్టింది నేను కాదు,
నాలుగేళ్ల ఆరిఫా.

ఇక, రాయాలా వద్దా అని
మూడు రోజులు ఆగిన సంగతి.

మోక్షిత జూన్‌లో చేరింది.
దీపావళి దాటినా ఒక్క మాట లేదు,
ఏ భాషలోనూ.
ఇంట్లో వసపిట్ట,
మా గడప తొక్కితే గొళ్లెం.
రెండు భాషలు వినే పిల్లల్లో
కొందరు కొన్నాళ్లు మాట్లాడరని
ఎందరికో చెప్పిన నోరే,
రాత్రిళ్లు నాకు చెప్పుకోవడానికి రాలేదు.
వాళ్ల నాన్నని పిలిపించాను,
వేరే బడి చూసుకోమందామని.

కడలి సూరిబాబు, లాకుల దగ్గర లస్కరు.
చేతుల గ్రీజుతోనే వచ్చి
పిల్లల కుర్చీలో ముడుచుక్కూర్చుని అంతా విన్నారు.
"పడవలు తిరిగే రోజుల్లో
మా నాన్న చెప్పేవోడండి.
పడవ లాకులోకొచ్చాక ఎనక తలుపు మూసేత్తారు,
ముందుది తియ్యరు.
లోపల నీళ్లెక్కుతుంటాయి.
గట్టుమీదోళ్లకి పడవ ఆగిపోయిందనిపిత్తది.
రెండేపులా మట్టం కలిత్తే
తలుపు ఏలితో తోసినా కదులుద్ది.
ముందే లాగితే తలుపు రాదండి,
నడుం పట్టుద్ది."
లేచి, గ్రీజు అంటకుండా
మోచేత్తో తలుపు తోసుకుని వెళ్లిపోయారు.

నా శిక్షణలో ఈ పాఠం లేదు.

డిసెంబరులో ఒక బుధవారం
ఎవరి చేతిలోంచో గ్లాసు జారింది.
ఇమ్మానియేలు వట్టికాళ్లతో అటే వస్తున్నాడు.
చీపురు పుచ్చుకుని మోక్షిత అడ్డం నిలబడి
"ఇమ్మూ, స్టాప్! డోంట్ స్టెప్,
గుచ్చుకుంటది" అంది.

రత్నకుమారి గారూ నేనూ
ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
చూసుకుంటే ఏడ్చేవాళ్లం,
పిల్ల ఊడవడం ఆపేసేది.

అది ఎవరు నేర్పిన వాక్యమని
ఇప్పటికీ మా ఇద్దరి మధ్యా తగువే.

సరే. చెప్పులు బయట విడవండి.
గేటు దగ్గర ముద్దు పెట్టి వెళ్లిపోండి,
కిటికీలోంచి తొంగిచూడొద్దు.
ఫీజు పదో తారీకు లోపల.
ఇంట్లో విడిగా మిగిలిపోయిన గాజుగ్లాసులుంటే
పంపించండి.
జత కుదరకపోయినా ఫరవాలేదు.